సొదొమ పాపమేది? లేఖనములలోను సంఘ చరిత్రలోను ఒక పరిశీలన

పరిచయము

స్వలింగ సంపర్కమును గూర్చి బైబిలు ఏమి చెబుతున్నదని ఎవరైన అడిగినప్పుడు మనలో చాలమందికి మొదట జ్ఞాపకము వచ్చేది ఆదికాండము 19వ అధ్యాయము. ఆకాశమునుండి కురిసిన అగ్ని గంధకములు, ఉప్పు స్తంభమైన లోతు భార్య, సోయరుకు పరుగెత్తిన లోతు – ఈ వృత్తాంతము ఆదివార పాఠశాల దినములనుండి మన మనస్సులో నాటుకొని ఉన్నది. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు నవ్‌తేజ్ సింగ్ జోహర్ కేసులో తీర్పు చెబుతూ, వయోజనులు పరస్పర అంగీకారముతో ఏకాంతములో జరుపుకొనే లైంగిక క్రియలకు భారత శిక్షాస్మృతి 377వ సెక్షను వర్తించదని ప్రకటించింది. ఆ తరువాత మన దేశము సొదొమగా మారుతున్నదనే మాట ప్రసంగ వేదికలమీద తరచుగా వినబడింది.

ఆ మాట చెప్పేముందు మనము వేసుకొనవలసిన ప్రశ్నలు మూడు ఉన్నవి. సొదొమ వృత్తాంతము దాని స్వంత సందర్భములో ఏ పాపమును చూపిస్తున్నది? నేడు మనకు అలవాటైన అర్థము దానికి ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు చేరింది? ఆ అర్థము రాజ్యముల చట్టములలోనికి ఎట్లు ప్రవేశించింది? ఈ వ్యాసములో మేము ఈ మూడు ప్రశ్నలను చరిత్ర క్రమములో పరిశీలించదలచినాము. వివాహమును గూర్చి సంఘము తరతరాలుగా బోధించిన దానిని త్రోసివేయుట మా ఉద్దేశము కాదు. ఒక వాక్యభాగము చెప్పని మాటను దానిచేత చెప్పించకూడదనేది వ్యాఖ్యాన శాస్త్రములో మనము నేర్చుకొనే మొదటి పాఠము. ఆ పాఠమును మనకు మిక్కిలి పరిచయమైన వృత్తాంతమునకే అన్వయించి చూద్దాము.

1. లోతు గుమ్మము ఎదుట

ఆదికాండము 18, 19 అధ్యాయములను విడదీసి చదువుట వలన చాల నష్టము కలిగింది. అబ్రాహాము ఎండవేళ గుడారపు ద్వారమందు కూర్చున్నాడు. లోతు సాయంకాలమున సొదొమ గవిని యొద్ద కూర్చున్నాడు. ఇద్దరును బాటసారులను చూడగానే లేచి ఎదురు వెళ్ళారు. ఇద్దరును సాగిలపడి, కాళ్ళు కడుగుకొనుటకు నీళ్ళు, తినుటకు రొట్టె ఇస్తామని బ్రతిమాలుకొన్నారు. పూటకూళ్ళ యిళ్ళు లేని ఆ కాలములో, చీకటిపడిన తరువాత వీధిలో నిలిచిన పరదేశి ప్రాణము అతనికి తలుపు తీసినవాని చేతిలోనే ఉండేది. రచయిత మనముందు ఉంచినది అతిథిని చేర్చుకొనే ఇంటిని, అతిథిమీద పడే పట్టణమును.

సొదొమను గూర్చి దేవునియొద్దకు చేరినది ఒక మొర అని 18:20–21 చెబుతున్నది. అక్కడ వాడబడిన హెబ్రీ పదము బాధింపబడినవారు పెట్టే కేకకు వాడే పదము. ఐగుప్తులో ఇశ్రాయేలీయులు పెట్టిన మొరకును నిర్గమకాండము 3:7లో అదే పదము ఉన్నది. కాబట్టి దేవదూతలు ఆ పట్టణములో అడుగు పెట్టకముందే అక్కడ హింసింపబడేవారు ఉన్నారని మనము గ్రహించాలి.

ఇక 19:5. పట్టణస్థులు ఆ అతిథులను బయటికి తెమ్మని అడిగిన మాటలో "యాద" అనే హెబ్రీ క్రియ ఉన్నది. దాని సాధారణ అర్థము "ఎరుగుట". పాత నిబంధనలో తొమ్మిది వందలకు పైగా వచ్చే ఈ క్రియ స్త్రీపురుషుల కలయికను సూచించేది కొద్ది చోట్ల మాత్రమే. ఇంగ్లాండుకు చెందిన ఆంగ్లికను పండితుడు డెరిక్ షెర్విన్ బెయిలీ 1955లో ప్రచురించిన గ్రంథములో ఈ లెక్కను ఆధారము చేసికొని, సొదొమవారు ఆ పరదేశులెవరో తెలిసికొనగోరినారే గాని వారి మనస్సులో లైంగిక ఉద్దేశము లేదని వాదించాడు. ఈ వాదము నిలువదు. మూడు వచనముల తరువాత లోతు తన కుమార్తెలు పురుషుని "ఎరుగనివారు" అని చెప్పినప్పుడు అదే క్రియ వాడబడింది. అక్కడ దాని అర్థములో సందేహమునకు తావు లేదు. మన తెలుగు అనువాదకులు 19:5లో "కూడు" అనే మాట వాడుట సరియైనదే.

అయితే ఆ కోరిక ఏ విధమైనది? పట్టణపు నలుదిక్కులనుండి బాలురు వృద్ధులు అనే భేదము లేకుండ పురుషులందరు వచ్చి ఇల్లు చుట్టుముట్టారు. ఒక పట్టణములోని మగవారందరికి పురుషులమీదనే ఆకర్షణ ఉన్నదని చెప్పుట రచయిత ఉద్దేశము కాదు. ఇది మూకుమ్మడి బలాత్కారము. పరదేశిని అవమానపరచి, ఈ పట్టణములో అతనికి స్థానము లేదని చూపించుటకు చేసే క్రియ. లోతు అడ్డుపడగానే వారన్న మాట దీనిని స్థిరపరుస్తున్నది: పరవాసిగా వచ్చిన వీడు మనకు తీర్పరి అయ్యాడని వారు కోపించి, అతిథులకంటె నీకే ఎక్కువ కీడు చేస్తామని బెదిరించారు (19:9).

న్యాయాధిపతులు 19వ అధ్యాయము దీనికి జోడు వృత్తాంతము. లేవీయుడొకడు తన ఉపపత్నితో ప్రయాణము చేస్తూ, అన్యుల పట్టణమని యెబూసును దాటిపోయి, స్వజనులున్న గిబియాలో రాత్రి దిగాడు. అక్కడ బెన్యామీనీయులు సొదొమవారు అడిగినట్లే అడిగారు. చివరికి వారు రాత్రియంతయు చెరిచి చంపినది ఆ ఉపపత్నిని. తరువాత లేవీయుడు ఆ సంగతి చెబుతూ, వారు తనను చంపదలచినారని అన్నాడు (20:5). ఒకే మూక పురుషుని అడిగి స్త్రీని చెరిచింది. అక్కడ పని చేసినది ఆకర్షణ కాదు, దౌర్జన్యము. ఈ రెండు వృత్తాంతములలోను అతిథిని కాపాడుటకు ఆడవారిని బయటికి ఇవ్వజూపుటను లేఖనము ఎక్కడను మెచ్చుకొనలేదు. మన ప్రసంగములలో మిగిలినవన్నియు చెప్పి ఆ స్త్రీలను మరచిపోవుట మనకు అలవాటైనది.

2. ప్రవక్తలు, యేసుప్రభువు పేర్కొన్న సొదొమ

లేఖనమునకు లేఖనమే వ్యాఖ్యానమని సంస్కరణ సంప్రదాయము మనకు నేర్పింది. కాబట్టి తరువాతి గ్రంథములు సొదొమను ఏ పాపమునకు గుర్తుగా పేర్కొన్నవో చూడాలి.

యెషయా 1:10లో యూదా అధిపతులను సొదొమ న్యాయాధిపతులని పిలిచి, వారి చేతులు రక్తముతో నిండియున్నవని, తండ్రిలేనివారికి న్యాయము తీర్చాలని, విధవరాలి పక్షముగా వాదించాలని చెప్పాడు. యిర్మీయా 23:14లో యెరూషలేము ప్రవక్తలు వ్యభిచరించుచు, అసత్యముగా నడుచుచు, దుర్మార్గుల చేతులను బలపరచుచున్నారు గనుక వారు సొదొమవంటివారైనారు. అన్నిటికంటె స్పష్టమైనది యెహెజ్కేలు 16:49–50. అక్కడ సొదొమ దోషము వరుసగా చెప్పబడింది: గర్వము, ఆహార సమృద్ధి, నిర్విచారమైన సుఖస్థితి, దీనులకు దరిద్రులకు సహాయము చేయకపోవుట, అహంకరించి దేవుని ఎదుట హేయక్రియలు చేయుట. ఈ చివరి మాటకు మూలములో ఉన్న "తోయేబా" లేవీయకాండము 18:22లోని మాటయే గనుక ఇక్కడ లైంగిక పాపము ఉద్దేశింపబడిందని కొందరు పండితులు చెబుతారు. అది త్రోసివేయదగిన వాదము కాదు. అయితే యెహెజ్కేలు అదే మాటను విగ్రహారాధనకు, బీదలను బాధించుటకు కూడ వాడాడు. పైగా ఆ మాట పట్టికలో చివర వచ్చింది. దానికి ముందున్న నాలుగింటిని విడిచి దానినే పట్టుకొనుటకు మనకు అధికారము లేదు.

సువార్తలలో యేసుప్రభువు సొదొమను పేర్కొన్న తీరు ఇంకను గమనించదగినది. తన శిష్యులను చేర్చుకొనని పట్టణముల గతికంటె తీర్పు దినమున సొదొమ గతి ఓర్వదగినదై యుండునని చెప్పాడు (మత్తయి 10:14–15, లూకా 10:10–12). పోలిక ఎక్కడ ఉన్నదో స్పష్టమే: ఇంటికి వచ్చిన దేవుని దూతలను త్రోసివేయుట.

కొత్త నిబంధనలో సొదొమకు లైంగిక పాపమును నేరుగా జోడించినవి 2 పేతురు 2:6–10, యూదా 7 వచనములు. యూదా పత్రికలో మన తెలుగు బైబిలు "పరశరీరానుసారులు" అని అనువదించిన గ్రీకు మాటకు "వేరైన శరీరము వెంబడి వెళ్ళినవారు" అని అర్థము. దానికి ముందటి 6వ వచనము తమ స్థానమును విడిచిన దేవదూతలను గూర్చినది. గనుక ఇక్కడ మానవులు దేవదూతల శరీరమును ఆశించుట ఉద్దేశింపబడిందని అనేక వ్యాఖ్యాతలు చెబుతారు. ఒకే విధమైన శరీరముగల ఇద్దరు పురుషుల సంగతికి "వేరైన శరీరము" అనే మాట అంత సులభముగా అతకదు.

3. అర్థము మలుపు తిరిగిన చోటు

రెండు నిబంధనల మధ్యకాలములో యూదులు వ్రాసిన గ్రంథములు చదివితే ఈ మార్పు మన కన్నులయెదుట జరుగుట చూడవచ్చును. సీరా పుత్రుని జ్ఞానగ్రంథము (16:8) లోతు పొరుగువారిని వారి గర్వమును బట్టి దేవుడు విడిచిపెట్టలేదని చెబుతున్నది. సొలొమోను జ్ఞానగ్రంథము (19:14) తమయొద్దకు వచ్చిన పరదేశులను చేర్చుకొననివారిగా వారిని సూచిస్తున్నది. యోబేలుల గ్రంథము మాత్రము జారత్వమును, అపవిత్రతను ముందుకు తెచ్చింది.

స్పష్టమైన మలుపు అలెగ్జాండ్రియా పట్టణస్థుడైన ఫిలోలో కనిపిస్తున్నది. క్రీస్తుశకము మొదటి శతాబ్దపు తొలి సగములో వ్రాసిన ఈ యూదా తత్వవేత్త, అబ్రాహామును గూర్చిన గ్రంథములో సొదొమ సంపదను, తిండిపోతుతనమును వర్ణించి, అక్కడి పురుషులు పురుషులతో కూడి తమ పౌరుషమును పాడుచేసికొన్నారని విస్తరించి చెప్పాడు. ఆదికాండములో లేని ఆ వర్ణన ఫిలోకు ఎక్కడనుండి వచ్చింది? అతడు నివసించిన పట్టణమునుండి. అలెగ్జాండ్రియా గ్రీకు నాగరికతకు నిలయము. విందులలో, వ్యాయామశాలలలో పెద్దవారు కౌమార వయస్సులోని బాలురను కోరుట గ్రీకు ఉన్నతవర్గములో ఆచారముగా ఉండేది. మోషే ధర్మశాస్త్రమును గూర్చిన తన ఇతర గ్రంథములలో కూడ ఫిలో ఆ ఆచారమును తీవ్రముగా ఖండించాడు. తన చుట్టుపట్ల చూచిన పాపమునకు లేఖనములో ఒక చిత్రము కావలసి వచ్చినప్పుడు అతనికి సొదొమ దొరికింది. అదే శతాబ్దము చివర రోములో వ్రాసిన జోసీఫస్ రెండు అర్థములను కలిపి ఉంచాడు: సొదొమవారు ధనగర్వముతో పరదేశులను ద్వేషించారు, ఆ యౌవనుల సౌందర్యము చూచి బలాత్కారమునకు తెగించారు.

పలస్తీనా, బబులోను రబ్బీలు ఇందుకు భిన్నమైన దారిలో నడిచారు. మిష్నాలోని పితరుల నీతివాక్యములలో "నాది నాదే, నీది నీదే" అనే ధోరణి సొదొమవారి స్వభావమని కొందరు అన్నట్లు ఉన్నది (ఆవోత్ 5:10). బబులోను తల్మూదు సన్హెద్రిన్ భాగములో సొదొమను గూర్చి కొన్ని కథలున్నవి. బాటసారిని మంచముమీద పండుకొనబెట్టి, పొడవైనవాని కాళ్ళు నరికి, పొట్టివానిని సాగదీసేవారట. బీదవానికి రహస్యముగా రొట్టె పెట్టిన ఒక చిన్నదానికి తేనె పూసి గోడమీద నిలువబెట్టి తేనెటీగలకు అప్పగించారట. దేవునియొద్దకు చేరిన మొర ఆమెదే అని వారు చెప్పుకొన్నారు. ఈ కథలలో పిసినారితనము, క్రూరత్వము, తలక్రిందులైన న్యాయము ఉన్నవి. ఒకే వృత్తాంతమును అలెగ్జాండ్రియాలో ఒక విధముగాను, రబ్బీల పాఠశాలలలో మరియొక విధముగాను చదివారు. చదివేవాడు కాపురమున్న ఊరు అతని వ్యాఖ్యానములోనికి వస్తుందని ఇది మనకు హెచ్చరిక.

4. సంఘ పితరులనుండి శిక్షాస్మృతి వరకు

సంఘము ఈ రెండు దారులను కొంతకాలము కలిపి నడిచింది. మూడవ శతాబ్దములో ఒరిగెను ఆదికాండముమీద చేసిన ప్రసంగములో, లోతు తప్పించుకొనుటకు కారణము అతడు అతిథులకు తలుపు తీయుటయే అని చెప్పాడు. అయితే గ్రీకు రోమా పట్టణములలో సువార్త ప్రకటించిన సంఘమునకు ఫిలో చూపిన అర్థమే ఎక్కువగా పనికి వచ్చింది. నాలుగవ శతాబ్దము చివర అంతియొకయలో క్రిసోస్తమ్ రోమా పత్రికమీద ప్రసంగిస్తూ దానినే గట్టిగా చెప్పాడు. ఐదవ శతాబ్దము తొలిభాగములో అగస్టీన్ తన "దేవుని పట్టణము" గ్రంథము 16వ భాగములో, పురుషులు పురుషులతో కూడుట ఆచారమైన చోటుగా సొదొమను వర్ణించాడు. పశ్చిమ సంఘములో అగస్టీన్ మాటకున్న ఘనత మనకు తెలిసినదే.

వ్యాఖ్యానము చట్టమైన ఘట్టము ఆరవ శతాబ్దమునకు చెందినది. కొన్‌స్తంతినోపులో జస్టీనియన్ చక్రవర్తి జారీ చేసిన 77వ, 141వ నూతన శాసనములు, ఇటువంటి క్రియల వలన కరవులు, భూకంపములు, తెగుళ్ళు కలుగునని చెప్పినవి. 141వ శాసనము 559లో వెలువడింది. దానికి ముందు 557లో ఆ పట్టణమును భూకంపము కదిలించింది; 558లో హాగియా సోఫియా దేవాలయపు గోపురము కూలింది; 541–542లో మొదలైన మహా తెగులు 558లో మరల వచ్చింది. భయపడిన పట్టణము కారకులను వెదకినప్పుడు సొదొమ కథ చేతికి దొరికింది. పట్టణమంతటి దౌర్జన్యమును గూర్చిన కథ, పట్టణమునకు ప్రమాదము తెచ్చేవారిగా కొద్దిమందిని వేలెత్తి చూపే కథగా ఇక్కడ మారిపోయింది.

పదకొండవ శతాబ్దములో, సుమారు 1049లో, పీటర్ డామియన్ అనే సన్యాసి గొమొఱ్ఱా పేరుతో ఒక గ్రంథము వ్రాసి తొమ్మిదవ లియో పోపుకు సమర్పించాడు. యాజకులలోని పాపములను గూర్చిన ఆ గ్రంథములోనే "సోడోమియ" అనే లతీను భావవాచకము రూపుదిద్దుకొన్నదని చరిత్రకారుడు మార్క్ జోర్డాన్ 1997లో చూపించాడు. ఒక పట్టణము పేరు ఒక పాపము పేరయ్యింది. 1179 నాటి మూడవ లాతరాను మహాసభ ఇటువంటి యాజకులను పదవినుండి తొలగించాలని, సామాన్య విశ్వాసులను వెలివేయాలని తీర్మానించింది. పదమూడవ శతాబ్దములో థామస్ అక్వినాస్ దీనిని "ప్రకృతికి విరుద్ధమైన" దోషముల క్రింద చేర్చాడు. ఆ కాలపు వాడుకలో ఆ మాట కొన్నిసార్లు భార్యాభర్తల మధ్య సంతానమునకు దారితీయని క్రియలకు కూడ వర్తించేది.

ఇంగ్లాండులో ఎనిమిదవ హెన్రీ రాజు రోమునుండి విడిపోతున్న కాలములో, 1533లో, అంతవరకు సంఘ న్యాయస్థానముల క్రింద ఉన్న ఈ నేరమును పార్లమెంటు రాజు న్యాయస్థానములకు అప్పగించి మరణశిక్ష విధించింది. ఆ మరణశిక్ష ఇంగ్లాండులో చివరిసారి అమలైనది 1835లో. చట్టమునుండి తీసివేయబడినది 1861లో. న్యాయశాస్త్రవేత్త ఎడ్వర్డ్ కోక్ గ్రంథము (1644) ఈ నేరమును సృష్టికర్త కట్టడకును ప్రకృతి క్రమమునకును విరుద్ధమైనదిగా నిర్వచించింది. విచిత్రమేమనగా, సొదొమవారు ఈ హేయక్రియకు నాలుగు మెట్లమీదుగా చేరారని కోక్ చెప్పాడు: గర్వము, అతిభోజనము, సోమరితనము, బీదలను తృణీకరించుట. ఇవి యెహెజ్కేలు చెప్పిన దోషములే. ప్రవక్త పాపమని పిలిచినది న్యాయశాస్త్రవేత్త చేతిలో వేరొక పాపమునకు పీఠికగా మారింది. బీదలను తృణీకరించినందుకు ఇంగ్లాండులో ఎవరికిని ఉరి పడలేదు.

మెకాలే 1837లో సిద్ధపరచిన ముసాయిదానుండి ఎదిగిన భారత శిక్షాస్మృతి 1860లో ఆమోదము పొంది 1862 జనవరి 1న అమలులోనికి వచ్చింది. దాని 377వ సెక్షనులో "ప్రకృతి క్రమమునకు విరుద్ధమైన" సంభోగము అనే మాట ఉన్నది. అక్వినాస్, కోక్‌ల మాటల ప్రతిధ్వని అక్కడ వినబడుతున్నది. 1871 నాటి నేరస్థ తెగల చట్టము నపుంసకుల పేర్లను పోలీసు పట్టికలో చేర్చమన్నది. నిజాము రాజ్యములో 1329 ఫస్లీ, అనగా 1919లో, అదే బాటలో వచ్చిన నపుంసకుల చట్టమును తెలంగాణ హైకోర్టు 2023 జూలైలో రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. 377వ సెక్షను విషయములో 2009 జూలై 2న ఢిల్లీ హైకోర్టు ఇచ్చిన తీర్పును సుప్రీంకోర్టు 2013లో త్రోసివేసి, తిరిగి 2018లో మనము మొదట చెప్పిన తీర్పునిచ్చింది. 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ సెక్షను లేదు. స్వలింగ వివాహములకు చట్టబద్ధత ఇచ్చుటకు సుప్రీంకోర్టు 2023 అక్టోబరు 17న నిరాకరించి, ఆ విషయమును శాసనకర్తలకు విడిచిపెట్టింది.

మనము కొన్నిసార్లు క్రైస్తవ నీతికి కంచెగా భావించిన ఆ సెక్షను మన లేఖనములనుండి నేరుగా వచ్చినది కాదు. ఫిలో కాలపు అలెగ్జాండ్రియా, జస్టీనియన్ కాలపు కొన్‌స్తంతినోపు, హెన్రీ కాలపు లండను దాటుకొని మనయొద్దకు చేరినది.

5. మిగిలిన వాక్యభాగములు

సొదొమను ప్రక్కన పెట్టినంత మాత్రమున బైబిలు ఈ విషయములో మౌనముగా ఉన్నదని చెప్పలేము. అట్లు చెప్పుట కూడ లేఖనమునకు చేసే అన్యాయమే.

లేవీయకాండము 18:22, 20:13 వచనములు పరిశుద్ధతా నియమావళి (17–26 అధ్యాయములు) లోనివి. ఐగుప్తు, కనాను దేశాచారములనుండి ఇశ్రాయేలును వేరుపరచుట దాని ఉద్దేశము (18:3). మధ్య అష్షూరు చట్టములలో ఇటువంటి క్రియ చేసినవానికి శిక్ష ఉన్నది. లేవీయకాండము 20:13లో శిక్ష ఇద్దరికి. స్త్రీలను గూర్చిన ప్రస్తావన లేదు. ఈ ఆజ్ఞ కేవలము ఆచారసంబంధమైనదా, నీతిసంబంధమైనదా అనే చర్చ సుదీర్ఘమైనది. అదే అధ్యాయములోని వావివరుసల ఆజ్ఞలను మనము నేటికిని నీతిగా పాటిస్తున్నామనే సంగతి ఈ చర్చలో మరువకూడదు.

ద్వితీయోపదేశకాండము 23:17లోను, రాజుల గ్రంథములలోను మన తెలుగు బైబిలు "పురుషగామి" అని అనువదించిన హెబ్రీ మాట "కాదేష్". దాని ధాత్వర్థము "ప్రతిష్ఠింపబడినవాడు". విగ్రహాలయములకు సంబంధించిన ఒక వర్గమని గ్రంథసందర్భము చూపుతున్నది. 1611 నాటి ఇంగ్లీషు అనువాదకులు దీనికి సొదొమ పేరునుండి పుట్టిన మాటను వాడారు. హెబ్రీ మూలములో సొదొమ ప్రస్తావన లేదు. తెలుగు అనువాదకులు ఆ పేరు చేర్చకపోవుట మేలైనది.

1 కొరింథీయులకు 6:9లో పౌలు రెండు గ్రీకు మాటలు వాడాడు. మన బైబిలులో "ఆడంగితనముగలవారు" అని ఉన్న "మలకోయ్" మాటకు "మెత్తనివారు" అని అర్థము. అది సుఖలోలురకు కూడ చెల్లేది. "పురుష సంయోగులు" అని ఉన్న "అర్సెనొకొయితాయ్" అనే మాట పౌలుకు ముందు ఎక్కడను కనబడదు. లేవీయకాండము 20:13కు సెప్టువజింట్ అనువాదములో ప్రక్కప్రక్కన ఉన్న రెండు పదములనుండి అది పుట్టిందని డేవిడ్ రైట్ 1984లో చూపించాడు. ఈ వాదము బలమైనది. ఆనాటి రోమా సమాజములో యజమాని తన దాసులను, బాలురను వాడుకొనుట సాధారణమనేది కూడ నిజమే. 1 తిమోతి 1:10లో అదే మాటకు వెంటనే మనుష్య చోరులు, అనగా మనుష్యులను దొంగిలించి దాసులుగా అమ్మేవారు, పేర్కొనబడుట గమనించాలి. 1946లో వెలువడిన ఒక ఇంగ్లీషు అనువాదము కొరింథీ పత్రికలోని రెండు మాటలను కలిపి "హోమోసెక్సువల్స్" అని పెట్టి, 1971 ముద్రణలో దానిని మార్చింది. ఆ మాట 1869లో జర్మను భాషలో అచ్చయినది. ఒక వ్యక్తి స్వభావమును సూచిస్తుంది. పౌలు పేర్కొన్నది క్రియను.

రోమా 1:26–27 అన్నిటిలో బరువైన భాగము. ఇక్కడ స్త్రీలు కూడ పేర్కొనబడ్డారు. వాదము సృష్టిమీద, విగ్రహారాధనమీద నిలిచి ఉన్నది. ఇది బాలురను వాడుకొనుటకే పరిమితమని చెప్పుట కష్టము. అయితే పౌలు అన్యజనుల పాపములను యూదా పాఠకుడు తల ఊపుతూ వినేటట్లు వరుసగా చెప్పి, 2:1లో హఠాత్తుగా తీర్పు తీర్చేవానివైపు తిరుగుతాడు. 1:26లో "స్వభావ విరుద్ధము" అనుటకు వాడిన గ్రీకు మాటనే 11:24లో దేవుడు అన్యజనులను మంచి ఒలీవచెట్టుకు అంటుకట్టిన కార్యమునకు కూడ వాడాడు.

పౌలు ఎరిగిన లోకములోని క్రియలకు అతడు చెప్పిన మాట నేటి జీవితకాల సహజీవనములకును వర్తిస్తుందా అనే ప్రశ్నమీద పండితులు విడిపోయి ఉన్నారు. వర్తిస్తుందని రాబర్ట్ గాగ్నన్ 2001లో విపులముగా వాదించాడు. రిచర్డ్ హేస్ 1996లో సంప్రదాయ బోధనే సమర్థించాడు. అయినను సొదొమ వృత్తాంతము ఈ చర్చకు సంబంధించినది కాదని అప్పుడే ఒప్పుకొన్నాడు. 2024లో కుమారుడు క్రిస్టఫర్‌తో కలిసి వ్రాసిన గ్రంథములో ఆయన తన పూర్వపు అభిప్రాయమును మార్చుకొన్నాడు. మా మట్టుకు లేవీయకాండము, రోమా పత్రిక మాటలలోని నిషేధమును వ్యాఖ్యానముతో కరిగించివేయుట సాధ్యము కాదని తోచుచున్నది. అయితే ఆ నిషేధమును బోధించేవాడు రోమా 2:1ని కూడ చదివి బోధించాలి.

6. కాపరులకు కొన్ని మాటలు

మొదటిది, ఈ విషయముమీద బోధింపవలసి వచ్చినప్పుడు సొదొమను ఆధార వాక్యముగా తీసికొనకుందాము. వివాహమును గూర్చి చెప్పుటకు ఆదికాండము 1, 2 అధ్యాయములు, మత్తయి 19 ఉన్నవి. సొదొమమీద ప్రసంగించేటప్పుడు యెహెజ్కేలు పట్టికను మొదటినుండి చదువుదాము. ఆహార సమృద్ధి కలిగి దీనుల చెయ్యి పట్టుకొనని విశ్వాసులు, వలసవచ్చిన కూలివానికి ఇల్లు అద్దెకు ఇవ్వని విశ్వాసులు ఆ ప్రసంగములో తమ్మును తాము చూచుకొనగలగాలి. అటువంటి ప్రసంగము మన సంఘములలో ఎంత అరుదో మనకు తెలుసు.

రెండవది, పాపమును నేరమును వేరుగా చూద్దాము. ఇంగ్లాండులో ఈ చట్టమును సడలించుటకు దారి వేసినవారిలో సంఘమువారే ఉన్నారు. ఇంగ్లాండు సంఘపు నైతిక సంక్షేమ మండలి 1954లో ఆ మార్పు కోరింది. 1957లో వోల్ఫెండెన్ నివేదిక వచ్చింది. కాంటర్బరీ ఆర్చిబిషప్పు మైఖేల్ రాంసే ప్రభువుల సభలో మద్దతునిచ్చాడు. 1967లో చట్టము మారింది. వారు ఆ క్రియలను పాపమనుట మానలేదు. అయితే మనుష్యులను పశ్చాత్తాపమునకు నడిపించుట పోలీసుల పని కాదని గ్రహించారు. మన దేశములో కూడ అన్యమత ప్రచారమనే పేరుతో విశ్వాసులమీద చట్టములు వచ్చిన చోట్ల, ఒకని మనస్సాక్షిలో రాజ్యము ఎంతవరకు ప్రవేశించవచ్చుననే ప్రశ్న మనకే ఎదురవుతున్నది. ఇతరులకు వేరొక కొలత పెట్టలేము.

మూడవది, ఈ ప్రసంగము వినేవారెవరో మనకు తెలియదు. మన బల్లలమీద కూర్చున్న యౌవనులలో ఎవడైన తాను కోరుకొనని ఆకర్షణతో ఎవరికిని చెప్పుకొనలేక ఉండవచ్చును. వాని ఎదుట మనము సొదొమ అగ్నిని వర్ణిస్తే, వాడు ఆ కథలోని బలాత్కార మూకతో తన్నుతాను పోల్చుకొని ఇంటికి వెళ్తాడు. వాడు ఎవరిని బలాత్కరించలేదు, ఏ అతిథిని అవమానపరచలేదు. ఆ రాత్రి వాని తలంపులు ఎక్కడికి పోతాయో కాపరులమైన మనము ఆలోచించాలి. అట్లే మనము హిజ్రాలని పిలిచేవారు ఆరాధనకు వచ్చినప్పుడు, షండునికి దేవుడు తన మందిరములో పేరు వాగ్దానము చేసిన యెషయా 56:3–5, ఐతియోపీయుడైన నపుంసకునికి ఫిలిప్పు బాప్తిస్మమిచ్చిన అపొస్తలుల కార్యములు 8 మన జ్ఞాపకమునకు రావాలి.

ఇటువంటివారు మన గృహమునకు వచ్చి తమ సంగతి విప్పి చెప్పినప్పుడు సంఘ బోధను దాచవలసిన అవసరము లేదు. ముందుగా కూర్చుండబెట్టి, చెప్పినదంతయు వినాలి. ఆ సంగతిని సంఘ పెద్దల యొద్దకు, బంధువుల యొద్దకు మోసికొనిపోకూడదు. ఆ రాత్రి లోతు తన యింటి నీడకు వచ్చినవారిని మూకకు అప్పగింపనని చెప్పి, తలుపు మూసి, తానే బయట నిలిచాడు. లోతు తప్పులు లేఖనములో చాలనే ఉన్నవి. ఈ ఒక్క విషయములో కాపరి అతనినుండి నేర్చుకొనవచ్చును.